ముందు సీటు ఎవరిదో పాట వాళ్ళది: ఫ్యామిలీ రోడ్ ట్రిప్ జ్యూక్‌బాక్స్ మ్యూజికల్ రాయడం ఎలా

కుటుంబమంతా కలిసి కారెక్కితే మొదటి గొడవ ఏసీ గురించి, రెండో గొడవ పాటల గురించి. ఏసీ గొడవ మీద రెండు గంటల సినిమా తీయడం కష్టం. పాటల గొడవ మీద మాత్రం హాయిగా తీయొచ్చు, ఎందుకంటే ఎవరి పాట పెట్టాలి అని కొట్టుకుంటున్నవాళ్ళు నిజానికి ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లాలి అనే కొట్టుకుంటున్నారు. నేను రెండేళ్ళుగా ఇలాంటి స్క్రిప్టు ఒకటి రాస్తున్నాను. నాలుగు డ్రాఫ్టులయ్యాయి. చేయకూడని తప్పులన్నీ చేసేశాను కాబట్టి, ఎలా రాయాలో చెప్పే అర్హత కొంత వచ్చిందనే అనుకుంటున్నాను.

ముందు వినండి, కథ తర్వాత

జ్యూక్‌బాక్స్ మ్యూజికల్ అంటే పాటలు కొత్తగా కట్టించరు. జనం నోళ్ళలో ఎప్పటినుంచో నానుతున్న పాటలు తీసుకుని వాటి చుట్టూ కథ అల్లుతారు. 1952లో వచ్చిన హాలీవుడ్ సినిమా ‘సింగింగ్ ఇన్ ద రెయిన్’ పాటలు ఆ సినిమా కోసమే పుట్టాయని చాలామంది అనుకుంటారు. కానీ వాటిలో ఎక్కువ భాగం 1920లు, 30ల నాటివి, నిర్మాత ఆర్థర్ ఫ్రీడ్ ఒకప్పుడు నేసియో హెర్బ్ బ్రౌన్ బాణీలకు రాసినవి. బెట్టీ కామ్డెన్, అడాల్ఫ్ గ్రీన్‌ల చేతికి ఆ పాటల కట్ట ఇచ్చి కథ రాయమన్నారు. వాళ్ళు పాటలు విని, ఇవి ఏ కాలానివో ఆ కాలంలోనే కథ పెట్టేద్దాం అనుకుని, మూకీలు టాకీలుగా మారిన రోజులకు వెళ్ళిపోయారు. కథకు తాళం చెవి పాటల్లోనే దొరికిందన్నమాట. ‘మమ్మా మియా’ కూడా అంతే. స్వీడన్ పాప్ బృందం అబ్బా పాటల్లో మొదట్లో వచ్చిన తుంటరి పాటలు ఒక రకం, తర్వాత వచ్చిన బరువైనవి ఇంకో రకం అని గమనించి, ఒకటి కూతురికి, ఒకటి తల్లికి సరిపోతాయని రెండు తరాల కథ అల్లారు. 1999లో లండన్‌లో నాటకంగా మొదలై 2008లో సినిమా అయింది.

కాబట్టి “ఒక కుటుంబం, ఒక కారు, మంచి మంచి పాటలు” అని మొదలుపెట్టకండి, అది ఐడియా కాదు, విహారయాత్ర. ఒక 60 పాటలు పోగేసి, వారం రోజులు వాటిని మాత్రమే వినండి. ఒక్కో పాటకి ఒక కార్డు రాయండి. ముందు వైపు పాట పేరు. వెనక వైపు మూడు ముక్కలు: ఎవరు పాడుతున్నారు, ఎవరి చెవిన పడాలని పాడుతున్నారు, పాట అయ్యేసరికి వాళ్ళిద్దరి మధ్య ఏం మారింది. మూడోది రాయలేకపోతే ఆ పాట మీకు ప్రాణమైనా సరే పక్కన పెట్టేయండి. నాకు ఈ దశలోనే 60లో సగానికి పైగా పోయాయి, అందులో నా పెళ్ళి నాటి పాట కూడా ఉంది.

లెక్క కూడా చూసుకోవాలి. 110 నిమిషాల సినిమాకి 13 పాటలు, ఒక్కోటి రెండున్నర నిమిషాలు అనుకుంటే 32 నిమిషాలు దాటుతుంది. అంతకు మించితే కథకు చోటుండదు. నా మొదటి డ్రాఫ్టులో 29 పాటలున్నాయి. స్నేహితులతో కూర్చుని పాటలతో సహా చదివితే మూడు గంటలు దాటింది, మధ్యలో ఒకాయన నిద్రపోయి లేచి, “ఇంకా కారులోనే ఉన్నారా?” అని అడిగాడు.

పల్లవి అందరిదీ, రెండో చరణం ఒక్కరిదే

తెలిసిన పాటతో వచ్చే చిక్కు ఏమిటంటే, ప్రేక్షకుడికి పాట తర్వాత ఎటు పోతుందో ముందే తెలుసు. కొత్త పాటలో ఉండే ఆశ్చర్యం ఇక్కడ ఉండదు. మరి ఆశ్చర్యం ఎక్కడ దొరుకుతుంది? నాకు దొరికింది చరణాల్లో.

ఏ కారులోనైనా గమనించండి. పల్లవి రాగానే అందరూ గొంతెత్తుతారు. మొదటి చరణానికి సగం మంది మూగనోము పడతారు, మిగతావాళ్ళు చివరి పదం ఒక్కటే గట్టిగా పాడి మధ్యదంతా లాలాలాలతో నెట్టుకొస్తారు. రెండో చరణానికి ఎవరూ ఉండరు. ఇప్పుడు సీన్ ఇలా ఊహించుకోండి: కారులో అందరూ పల్లవి అరుస్తున్నారు, వెనక కిటికీ పక్కన అమ్మమ్మ మాత్రం అద్దంలోంచి బయటికి చూస్తూ ఉంది, ఆవిడకి ఈ గోల నచ్చలేదనే అనుకుంటున్నాం. రెండో చరణం వచ్చింది, ఒక్కొక్కరూ ఆగిపోయారు. అప్పుడు ఆవిడ, తల తిప్పకుండానే, ఒక్క మాట కూడా తడబడకుండా చరణం మొత్తం పాడేసింది. ముందు సీట్లోంచి అమ్మ అద్దంలో చూసింది. ఎవరూ ఏమీ అనలేదు. ఆవిడ ఈ పాటని ఎన్నిసార్లు ఒంటరిగా పాడుకుందో చెప్పడానికి ఒక్క డైలాగూ అక్కర్లేదు.

దీనివల్ల ఇంకో లాభం, పాట మొత్తం వాడక్కర్లేదు. కొన్ని పాటలకి పల్లవి చాలు. కొన్నిటికి పల్లవే వద్దు, నేరుగా చరణంతో మొదలుపెట్టండి, ప్రేక్షకుడు “ఇది ఏ పాటబ్బా” అని వెతుక్కుంటూ ఉండగా పల్లవి వచ్చి దొరికిపోతుంది. ఆ దొరికిన క్షణంలో ఏదైనా జరగాలి, అది మాత్రం మర్చిపోకండి.

పాటల పెట్టె కథలో వస్తువు కావాలి

మ్యూజికల్ రాసేవాళ్ళందరికీ ఉండే పెద్ద టెన్షన్, “వీళ్ళు ఇప్పుడు ఎందుకు పాడుతున్నారు?” అన్నది. రోడ్ ట్రిప్‌లో సగం జవాబు ఉచితంగా దొరుకుతుంది: కారులో ప్లేయర్ ఉంది కాబట్టి. మిగతా సగం కోసం ఆ ప్లేయర్‌ని కథలోకి లాగండి. ఫోనులో లక్ష పాటలుంటే గొడవే లేదు, ఎవరికి కావాల్సింది వాళ్ళు పెట్టుకుంటారు. కొరత ఉండాలి.

నా స్క్రిప్టులో అది పాత కారు. తాతయ్య పోయారు, కారు మామయ్య పేరు మీద ఉంది, ఆయన ఎన్నో ఏళ్ళ కింద ఇల్లు వదిలి దూరంగా ఉంటున్నాడు. కారు ఆయనకి అప్పజెప్పాలి. అమ్మమ్మ, అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు, మూడు రోజుల దారి. కారులో క్యాసెట్ ప్లేయర్, అందులో తాతయ్య స్వయంగా పాటలెక్కించిన క్యాసెట్ ఒకటి ఇరుక్కుపోయి ఉంది, బయటికి రాదు. అది 60 నిమిషాల క్యాసెట్, అంటే ఒక్కో వైపు 30 నిమిషాలు, నాలుగేసి నిమిషాల పాటలైతే వైపుకి ఏడు. రెండు వైపులా కలిపి 14. సినిమాకి సరిపోయే సంఖ్య దానంతటదే వచ్చేసింది, దీనికి నేను చాలా గర్వపడ్డాను. పైగా ఆటో రివర్స్ ప్లేయర్ కాబట్టి టేపు చివరికి రాగానే ‘టక్’మని తిరగబడి రెండో వైపు పాడుతుంది. ఆ ‘టక్’ దగ్గరే ఇంటర్వెల్.

క్యాసెట్ వల్ల వచ్చే అసలు లాభం వరుస. ఒకే క్యాసెట్ విని పెరిగిన ఇంట్లో ఒక పాట అయిపోగానే, తర్వాతది మొదలవకముందే, ఆ రెండు మూడు సెకన్ల ఖాళీలో, ఎవరో ఒకరు తర్వాతి పాట ఎత్తుకుంటారు. శ్రుతి కూడా సరిగ్గా కుదురుతుంది. పిల్లలకి ఈ వరుస తెలియదు, పెద్దవాళ్ళకి నరాల్లో ఉంది. ఒకే కారులో రెండు జట్లు అక్కడే తయారయ్యాయి.

ఇక ఆ వరుసలో ఒక చోట గండి పెట్టాను. ఏ సైడ్ ఐదో పాట మధ్యలో 11 సెకన్లు పాట ఉండదు. దాని బదులు తలుపు చప్పుడు, కుర్రాడిగా ఉన్న మామయ్య గొంతు “వెళ్ళొస్తా” అనడం, మళ్ళీ పాట. చిన్నప్పుడెప్పుడో అమ్మ చెయ్యి తగిలి రికార్డు బటన్ నొక్కుకుపోయిందని ఇంట్లో అందరూ నమ్ముతారు, అమ్మ కూడా. ఆ పాట వచ్చిన ప్రతిసారీ అందరూ ఆ 11 సెకన్లు మాట్లాడకుండా కూర్చుంటారు, పిల్లలు అదేంటని అడిగితే నాన్న రోడ్డు గురించి మాట్లాడతాడు. దీన్ని మీరు అరువు తెచ్చుకోనక్కర్లేదు, మీ పెట్టెలో మీ గండి ఏమిటో వెతకండి: చెడిపోయిన రేడియో కావచ్చు, ఎవరో డిలీట్ చేసిన ప్లేలిస్ట్ కావచ్చు, ఒక్కటే పనిచేసే ఇయర్‌ఫోన్ కావచ్చు. పెట్టె ఇవ్వలేనిది ఏదో ఒకటి ఉంటేనే మనుషులు పాడాల్సి వస్తుంది.

ఏది నిజం పాట, ఏది ఊహ పాట

మూడు పొరలుంటాయి. ప్లేయర్‌లో మోగే పాట, పాత్రలు నిజంగా నోటితో పాడే పాట, చుట్టూ ప్రపంచమే మారిపోయి రోడ్డు పక్క జనమంతా కలిసి ఆడేసే ఊహ పాట. మూడూ వాడుకోవచ్చు, కానీ ఒకదాన్నుంచి ఇంకోదానికి ఏ తలుపులోంచి వెళ్తున్నారో మొదటి పది నిమిషాల్లో ప్రేక్షకుడికి చూపించేయాలి. నా తలుపు సొరంగాలు. కారు సొరంగంలోకి వెళ్తే ఊహ, బయటికి రాగానే నిజం. మొదటి సొరంగంలో చిన్న పిల్ల మనసులోంచి ఒక సరదా పాట చూపిస్తాం, అంతే, రూల్ అర్థమైపోతుంది. చివర్లో ఊహలోకి తప్ప ఇంకెక్కడికీ వెళ్ళలేని పాత్రని సొరంగం ముందు కారాపి కూర్చోబెడితే ఆ బాధ దానంతటదే వస్తుంది.

అందరూ కలిసి ఉత్సాహంగా పాడుకునే పాట సినిమాకి ఒక్కటి చాలు. రెండోది పెట్టారంటే మీకు కథ దొరకలేదని అర్థం.

సీట్ల పటం గీయండి

ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసిన కిటుకు. ప్రతి సీన్‌కీ పక్కన చిన్న బొమ్మ గీసి ఎవరు ఎక్కడ కూర్చున్నారో రాయండి. కారులో మనిషి కదలలేడు కాబట్టి సీటు మారడమే పెద్ద కదలిక. డ్రైవర్ పక్క సీటు అధికారం, ప్లేయర్ అక్కడికే అందుతుంది. వెనక మధ్య సీటు ఎవరికీ వద్దు, అక్కడ ఎవరు కూర్చుంటే వాళ్ళు ఆ పూట ఓడిపోయినట్టు. నా మూడో డ్రాఫ్టు చదివి ఏదో చప్పగా ఉందనిపించి పటాలు గీస్తే, 70 పేజీల పాటు ఎవరూ సీటు మారలేదు. అమ్మమ్మని రెండో రోజు ఉదయం ముందు సీట్లోకి తెచ్చాను, నాన్నని వెనక మధ్యలోకి తోశాను, అమ్మకి స్టీరింగ్ ఇచ్చాను. పాటలు అవే, డైలాగులూ దాదాపు అవే, కానీ ఎవరు ఎవరికి పాడుతున్నారో మొత్తం మారిపోయింది.

కారులో ఐదుగురికి మించొద్దు. ఆగే చోట్లు మూడో నాలుగో చాలు, ప్రతి చోటా ఈ కుటుంబం పాటని వేరేలా వినే బయటి మనిషి ఒకరుండాలి, లేకపోతే అది టీ బ్రేక్ మాత్రమే.

హక్కుల సంగతి, స్క్రిప్టుకి ముందే

ఇక్కడ చాలామంది కల కూలిపోతుంది, నాదీ సగం కూలింది. ఒక పాటకి రెండు హక్కులుంటాయి: సాహిత్యం, బాణీ కలిపిన ‘పాట’ మీద ఒకటి, స్టూడియోలో పాడి ముద్రించిన ఆ ‘రికార్డింగ్’ మీద ఇంకోటి. మీ నటులే కొత్తగా పాడితే మొదటి హక్కుదారుల అనుమతి చాలు, దాన్నే సింక్ లైసెన్స్ అంటారు. కారు ప్లేయర్‌లో పాత గొంతే వినిపించాలంటే రికార్డింగ్ యజమానిని కూడా అడగాలి, ఆ అనుమతి పేరు మాస్టర్ లైసెన్స్. నా క్యాసెట్ ఐడియాకి రెండూ కావాలని మూడో డ్రాఫ్టు దాకా నాకు తట్టలేదంటే నమ్మండి. ఇప్పుడు నాలుగు పాటలకే అసలు రికార్డింగ్ వినిపిస్తుంది, అదీ కొన్ని సెకన్లు, ఆ వెంటనే కారులోవాళ్ళ గొంతులు పైకొచ్చేస్తాయి. ఖర్చు తగ్గడానికి చేసిన పని సినిమాకి మంచిదే అయింది.

మాటలు మార్చాలంటే, ఒక్క పదమైనా సరే, విడిగా ఒప్పుకోలు రాయించుకోవాలి. కొన్ని ఒప్పందాల్లో ‘మోస్ట్ ఫేవర్డ్ నేషన్స్’ అనే షరతు ఉంటుంది: వేరే పాటకి ఎక్కువిస్తే మాకూ అంతే ఇవ్వాలి అని. ఒక్క ఖరీదైన పాట కోసం మొండిపట్టు పడితే ఆ షరతున్న మిగతావన్నీ ఆ రేటుకి ఎక్కేస్తాయి. పాత పాట కదా ఎవరడుగుతారు అనుకోవద్దు, భారత్‌లో హక్కు రచయిత పోయాక 60 ఏళ్ళు, యూరప్ దేశాల్లో 70 ఏళ్ళు ఉంటుంది. జానపదమైతే బాణీ స్వేచ్ఛగా దొరకొచ్చు కానీ దానికి ఎవరో కట్టిన వాద్యాల అమరిక, ఆ రికార్డింగ్ వాళ్ళవే. అంతెందుకు, కేకు ముందు ప్రపంచమంతా పాడే పుట్టినరోజు పాట మీద కూడా అమెరికాలో దశాబ్దాల పాటు డబ్బు వసూలు చేశారు, 2015లో కోర్టు ఆ హక్కు చెల్లదని తేల్చాక, 2016లో 1 కోటి 40 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. రోడ్ ట్రిప్ స్క్రిప్టుల్లో కారులో పుట్టినరోజు సీన్ ఒకటి తప్పకుండా ఉంటుంది కాబట్టి చెప్తున్నా.

నా క్లైమాక్స్ మొత్తం ఒకే పాట మీద నిలబడి ఉండేది. హక్కులున్నవాళ్ళు ఐదు నెలలు ఊరించి, ఒక్క లైనులో కుదరదన్నారు. అప్పటినుంచి ప్రతి కార్డు వెనకా అదే పని చేసే పాటలు ఇంకో రెండు రాస్తున్నాను. అదే భావం ఉన్నవి కావు, అదే పని చేసేవి. విడిపోతున్నవాళ్ళ పాటకి బదులుగా నాకు దొరికింది ఒక జోలపాట, అది ఇంకా బాగా కుదిరింది. వీలైతే ఒకే సంగీత దర్శకుడి పాటలో, ఒకే కంపెనీ చేతిలో ఉన్నవో ఎంచుకోండి, ఒక్క గుమ్మం తొక్కితే పని అవుతుంది.

తీసేటప్పుడు ఏమవుతుందో రాసేటప్పుడే తెలియాలి

నడిచే కారులో నటుడే నడుపుతూ పాడటం ప్రమాదం, కాబట్టి కారుని ఎత్తు తక్కువ ట్రైలర్ మీద పెట్టి లాగుతారు, లేదా స్టూడియోలో నిలబెట్టి చుట్టూ ఎల్ఈడీ తెరల మీద రోడ్డు పరిగెత్తిస్తారు. రాత్రి సీన్లయితే ఇంకా చవక: చీకట్లో ఆపిన కారుని ఇద్దరు మెల్లగా ఊపుతుంటే, ఇంకొకరు లైటు పట్టుకుని పక్కనుంచి వెళ్తుంటే చాలు. అందుకే నిశ్శబ్దంగా ఉండే పాటలన్నీ రాత్రికి మార్చేశాను. మెల్లగా గొణిగే పాటలు సెట్‌లోనే నిజంగా పాడించొచ్చు, 2012 నాటి ‘లే మిజరాబ్ల్’ సినిమాలో నటులు చెవిలో దాచిన ఇయర్‌పీస్‌లో పియానో వింటూ అలాగే పాడారు. ఆగిన కారైతే ఇంజను మోత ఉండదు, ఇది బాగా కుదురుతుంది. పెద్ద డాన్సులకి మాత్రం మామూలు ప్లేబ్యాకే.

వాద్యాలు కారులోనే ఉన్నాయి. ఇండికేటర్ నిమిషానికి 60 నుంచి 120 సార్లు కొట్టుకుంటుంది, మనం పాడుకునే పాటల్లో బోలెడన్ని ఆ వేగంలోనే ఉంటాయి. వైపర్, సీటు బెల్టు క్లిక్కు, గ్లవ్ బాక్స్ మూత, వెనక డిక్కీలో దొర్లే ఏదో సీసా. నా జోలపాట ఇండికేటర్ మీద మొదలవుతుంది: అమ్మ మలుపు దగ్గర ఇండికేటర్ వేసి తిప్పకుండా ఆగిపోతుంది, టిక్ టిక్ అంటుంటే అమ్మమ్మ తొడ మీద వేళ్ళతో తాళం మొదలుపెడుతుంది. బెల్టులు మాత్రం పెట్టుకునే ఉండాలి, నడుం పైనుంచే డాన్సు.

అమ్మడానికి ఒక పేజీ

ఐడియా చెప్పేటప్పుడు పాటల జాబితా చదవకండి. పెట్టె, దానిలో గండి, మనుషులు, ఎక్కడికి, ఎందుకు, ఇంతే. నాది: “ఇరుక్కుపోయిన క్యాసెట్‌తో తాతయ్య కారుని, ఇల్లు వదిలిన మామయ్యకి అప్పజెప్పడానికి వెళ్తున్న కుటుంబం, ఆ క్యాసెట్‌లో మామయ్య గొంతు ఎలా వచ్చిందో దారిలో తెలుసుకుంటుంది.” ‘హృదయాలను హత్తుకునే’ అని రాసిన చోటల్లా కొట్టేయండి. తర్వాత స్క్రిప్టు ఎవరితోనైనా ఆగిన కారులో కూర్చుని చదివించండి, నిజంగానే కారులో, వెనక సీట్లో పిల్లలుంటే ఇంకా మంచిది, వాళ్ళు ఎక్కడ కిటికీ వైపు తిరిగారో ఆ పేజీ నంబర్ రాసుకోండి.

నాకిప్పుడు మిగిలింది ఒక్క నిర్ణయం. క్యాసెట్ పైఅంచున చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది, దాన్ని విరగ్గొడితే ఆ వైపు ఇక కొత్తగా రికార్డు కాదు, పాట పోకూడదనుకున్నవాళ్ళు విరగ్గొట్టి ఉంచుతారు. మళ్ళీ రికార్డు చేయాలంటే ఆ కన్నం మీద సెల్లో టేపు ముక్క అతికించాలి. అంటే చెయ్యి తగిలి జరిగే పని కాదు. మూడో డ్రాఫ్టులో మామయ్య ఇంటి ముందు క్యాసెట్ బయటికొస్తుంది, ఆ కన్నం మీద పసుపు రంగుకి తిరిగిన టేపు ముక్క అమ్మ వేలికి తగులుతుంది, కొడుకు వెళ్తాడని అమ్మమ్మకి ముందే తెలుసని, గొంతైనా ఉంచుకోవాలని కావాలనే రికార్డు చేసుకుందని అక్కడ అర్థమవుతుంది. నాలుగో డ్రాఫ్టులో క్యాసెట్ రానే రాదు. ఐదో పాటలో గండి రాగానే, తుడిచేసిన ఆ రెండు లైన్లు అమ్మమ్మ పాడుతుంది, 11 సెకన్లు, సరిగ్గా ప్లేయర్‌లో పాట తిరిగొచ్చే చోటికి చేరుస్తుంది, మామయ్య కారు డోరు పట్టుకుని వింటూ ఉంటాడు. చదివినవాళ్ళలో సగం మంది మూడోది అంటున్నారు, మా ఇంట్లోవాళ్ళంతా నాలుగోది అంటున్నారు.